పదకొండు తడి అడుగులు

తెల్లారి లేవగానే తబితకు మొదటి పని సాక్సులు పిండటం. ముందురోజు విప్పిన నాలుగు జతలు బకెట్‌లో పడి ఉంటాయి. సబ్బు పెట్టనక్కరలేదు. మురికీ ఉండదు, వాసనా ఉండదు, ఉన్నదంతా నీళ్ళే. ఒక్కో సాక్సును మెలిపెట్టి పిండితే చల్లటి తేట నీళ్ళు గ్లాసుడు దిగుతాయి. ఏడాది కిందటి దాకా ఏన్కూరులోని ఆ ఇంట్లో సాక్సులనేవే లేవు.

ఆమె భర్త శాంతికుమార్ పాస్టరు. పదమూడో ఏట గోదాట్లో బాప్తిస్మం తీసుకుని ఒడ్డుకు నడిచొచ్చినప్పటి నుంచి ఆయన పాదాలు ఆరలేదు. ఒళ్ళు ఆరింది, బట్టలు ఆరాయి, పాదాలు మాత్రం అట్లాగే ఉండిపోయాయి. తల్లి ఆరోగ్యమ్మ వారం రోజులు తువ్వాలు పెట్టి తుడిచి, ఇక ఊరుకుంది. సిమెంటు మీద పడ్డ అడుగులు గుడ్డ పెట్టి తుడిస్తే పోతాయి. మట్టిలో పడ్డవి మాత్రం ఎన్నాళ్ళైనా ఆరవు. పెళ్ళిచూపులప్పుడు తబిత నాన్న అడిగింది ఒక్కటే, దీనివల్ల పిల్లాడికి జలుబు చేస్తుందా అని. చెయ్యదన్నారు. సంబంధం ఖాయమైంది.

అన్నేళ్ళ కాపురంలో ఆయన ఎక్కడికి వెళ్ళాడని తబిత ఒక్కసారి కూడా అడగాల్సిన పని పడలేదు. కుళాయి దాకా, మందిరం మెట్ల దాకా, ప్రార్థనకు పిలిచిన ఇంటి దాకా ఆయన దారి నేలమీద రాసిపెట్టినట్టుండేది. వాకిట్లో ఆయన నడిచే బాటలో ఆమె అడుగుకొక మొక్క చొప్పున పుదీన నాటింది. వీధివీధంతా అడిగి కోసుకెళ్ళేవాళ్ళు.

పోయిన ఏడు మే నెల చివర్లో శాంతికుమార్ ఖమ్మం వెళ్ళి బూట్లు కొనుక్కొచ్చాడు. పాదాలు పగులుతున్నాయన్నాడు. పొద్దస్తమానం నీళ్ళలో నానే పాదాలు ఎట్లా పగులుతాయని తబిత అడగలేదు. అడగలేదు గానీ ఆ మాటను మరిచిపోనూ లేదు. దారి దాచుకోవడం చేతకాని మనిషి ఉన్నట్టుండి దారి కనబడకుండా నడవడం మొదలుపెడితే, ఏ ఆడదానికైనా వచ్చే ఆలోచన ఒక్కటే.

ఇంకా కొన్ని ఉన్నాయి. దారిలో దెబ్బలు తిని పడి ఉన్న మనిషిని గురించిన ప్రసంగం ఆయన చెబితే కళ్ళు తడవనివాళ్ళు ఉండేవారు కాదు. ఏడాదిగా ఆ ప్రసంగం ఆయన నోట రాలేదు. దుమ్ముగూడెం సంఘానికి వెళ్ళాలంటే భద్రాచలం నుంచి గోదారి పక్క మెయిన్ రోడ్డు ఒకటి, అడవిలోంచి పాత రోడ్డు ఒకటి ఉన్నాయి. ఆయనకు ఎప్పుడూ అడవి రోడ్డే ఇష్టం. ఇప్పుడు మెయిన్ రోడ్డే అంటున్నాడు. ఆ రోడ్డు వెంట ఊళ్ళలో ఉన్న విశ్వాసుల్లో భర్తలేని ఆడవాళ్ళను, పాట బాగా పాడే ఆడవాళ్ళను తబిత ఒక్కొక్కరినే గుర్తు తెచ్చుకుని చూసింది. ఆమె అనుమానం ఎవరి మీదా నిలవలేదు. నిలవకపోయేసరికి అందరి మీదా పడింది.

ఏటా వేసవిలో ఆ కుటుంబం తెల్ల వ్యానులో బయలుదేరి, తమ మిషను కింద ఉన్న చిన్న చిన్న సంఘాలను చూసుకుంటూ, మధ్యలో అడవులు చూసుకుంటూ వారం రోజులు తిరిగేది. సంఘాలు తండ్రి పని, అడవులు కూతురు కోరిక. మహిమ డిగ్రీలో జువాలజీ చదువుతోంది. ఈసారి పెనుబల్లి, కిన్నెరసాని, దుమ్ముగూడెం, చివర్లో పాపికొండలు అని అట్టముక్క మీద రాసి వ్యాను అద్దానికి అంటించింది. తబిత అంగన్‌వాడీ టీచరు. సెలవులు కలిసొచ్చాయి. ఈ వారం రోజులు ఆయన్ని కళ్ళెదుట పెట్టుకోవచ్చనే ఆమె సంచి సర్దింది.

పెనుబల్లిలో ఆయన బూట్లతోనే మందిరంలోకి వెళ్ళాడు. పెద్దలు ముఖముఖాలు చూసుకున్నారు. ఎప్పుడూ ఆయన కోసం గడప దగ్గర గోనెపట్టా వేసి ఉంచే ముసలాయన, వేసిన పట్టాను మడిచి చంకలో పెట్టుకున్నాడు. కిన్నెరసానిలో దుప్పులు కంచె దగ్గరికి పరుగెత్తుకొచ్చాయి. ఏటా ఆయన కంచె వెంట నడుస్తుంటే అవి వెనకే వచ్చి అడుగుల్లోని నీళ్ళు నాకేవి. మహిమ నవ్వుతూ, నాన్నా ఒక్కసారి బూట్లు ఇప్పు, పాపం ఎదురుచూస్తున్నయి అంది. ఆయన విననట్టు బోర్డు మీది అక్షరాలు చదువుతూ నిలబడ్డాడు. దుప్పులు కాసేపు ఆయన బూట్లకేసి మెడలు చాచి, తిరిగి వెళ్ళిపోయాయి.

తబిత అదంతా చూసింది.

దుమ్ముగూడెంలో మధ్యాహ్నం భోజనాలు సంఘపెద్ద ఇంట్లో. ఆయన భార్య సరళ మాటకారి. ఆ ఇంటి వెనక శాంతికుమార్ పాత అడుగులు ఉంటే, వాటిలో కొత్తిమీర చల్లుకుంది. ఆ కొత్తిమీర వేసిన చారు వడ్డిస్తూ, ఏదో మంచి కబురు చెబుతున్నట్టు చెప్పింది.

“అయ్యగారూ, అడవి రోడ్డు మీద ఉసిరికవాగు తండా కాడ గూడ మీ అడుగులున్నయంట గదా. మా మరిది ఆటోల పోతా చూసిండు. ఎవరూ తొక్కకుండ చుట్టూ కంప నాటిన్రంట. అటు ఎవరు పోయినా చెప్పులు ఇడిపిస్తున్నరంట, ఏదో మొక్కు ఉన్నట్టుంది. మీరు ఆడ గూడ ప్రార్థన పెట్టినరా?”

శాంతికుమార్ ముద్ద కలుపుతున్నవాడు కలుపుతూనే ఉన్నాడు. “నేనెన్నడూ ఆడ దిగలే, సరళమ్మా” అన్నాడు.

తబిత ముద్దను మళ్ళీ కంచంలో పెట్టేసింది. లోకంలో తడి కాళ్ళ మనుషులు ఇద్దరున్నారా? ఉంటే ఉండొచ్చు. కానీ ఒక మగవాడి అడుగుల చుట్టూ ఎవరూ తొక్కకుండా కంప నాటేది ఎవరు? వాటిని దాచిపెట్టుకోవాలనుకున్న మనిషే నాటుతుంది. ఆ మనిషి ఎట్లా ఉంటుందో తబితకు అప్పుడే కళ్ళకు కట్టింది. తనకన్నా చిన్నది. నవ్వితే బుగ్గ సొట్ట పడేది. పొద్దున లేచి ముందు ఆ అడుగుల దగ్గరికి వచ్చి నిలబడేది.

మర్నాడు పొద్దున పాపికొండలకు బయలుదేరారు. భద్రాచలం మీదుగా వెళ్ళాలి. ఊరు దాటాక రోడ్డు రెండుగా చీలే చోట శాంతికుమార్ మెయిన్ రోడ్డుకు తిప్పబోయాడు. తబిత అడవి రోడ్డున పొమ్మంది. ఆయన గుంతలన్నాడు, టైర్లు పాతవన్నాడు, బోటు టైముకు అందుకోలేమన్నాడు. వెనక సీట్లోంచి మహిమ, అటు పోతే అడవిదున్నలు కనబడొచ్చు అంది.

“మీరు అటు తిప్పకుంటే నేనూ మహిమా ఈడనే దిగి బస్సుకు పోతం” అంది తబిత.

ఆయన చాలాసేపు స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత తిప్పాడు. ఆయన తిప్పిన తీరు చూస్తే, ఎవరో ఒకరు ఆ మాట అనాలని ఏడాదిగా ఎదురుచూస్తున్నట్టుంది. తబితకు అది ఇంకా అనుమానంగా తోచింది.

అడవి ఎండకు వాడిపోయి ఉంది. బీడీలకు తునికాకు కోసేవాళ్ళు రోడ్డు పక్క చెట్లలో అక్కడక్కడా కనబడుతున్నారు. అరగంట పోయాక, రోడ్డుకు అడ్డంగా ఒక వెదురు గడ. పక్కన రాయి మీద కూర్చున్న మనిషి లేచి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. అటవీశాఖ బిళ్ళ తీసేసిన ఖాకీ చొక్కా వేసుకుని ఉన్నాడు. పేరు పోతయ్య అని చెప్పి, చాలా మర్యాదగా అడిగాడు.

“ఏమనుకోకు సారూ. చెప్పులు ఇడిసి ఒక్కసారి నేల మీద కాలు పెట్టి పోవాలె. అందరినీ గట్లనే అడుగుతున్న.”

“నాకు షుగరుంది. డాక్టర్లు బూట్లు ఇప్పొద్దన్నరు” అన్నాడు శాంతికుమార్.

ఆ పొద్దున ఆయన టీలో మూడు చెంచాల చక్కెర వేసింది తబితే. పోతయ్య వాదించలేదు. కిటికీలోంచి వంగి ఆ బూట్లకేసి చూశాడు. కుట్ల దగ్గర తోలు నల్లగా తడిసి ఉంది. తర్వాత తల వెనక్కి తీసుకుని, గడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు గానీ గడ ఎత్తలేదు.

తబిత తలుపు తీసుకుని దిగింది. చెప్పులు విడిచి కాలు పెట్టింది. వేడికి చురుక్కుమంది. కంప ఎక్కడుందో అడగనక్కరలేకపోయింది. రోడ్డుకు ఎడమ పక్కన రేగు కంప వరసగా నాటి ఉంది, లోపల పసుపు రంగు సీతాకోకచిలుకలు నేలమీద వాలి ఉన్నాయి. ఆమె దగ్గరికి వెళ్ళి కంప మీదుగా తొంగి చూసింది.

చుట్టూ నేల పెంకులా ఎండి ఉంది. ఆ మధ్యన నల్లటి తడి అడుగులు. ఎడమ కాలి చిటికెనవేలు పక్క వేలి మీదికి ఎక్కి ఉంది. ఆ వేలిని ఆమె ఎక్కడైనా గుర్తుపడుతుంది.

రోడ్డు అంచు నుంచి పదకొండు అడుగులు ముందుకు పోయాయి. చివరి రెండూ పక్కపక్కన, మిగతావాటికన్నా లోతుగా దిగి, దొప్పల్లా నీళ్ళు నిలిచి ఉన్నాయి. అక్కడి నుంచి మళ్ళీ పదకొండు వెనక్కి వచ్చాయి. వెనక్కి వచ్చినవాటికి మడమలు సరిగా పడలేదు, వేళ్ళు మాత్రం మట్టిలో గుచ్చుకున్నాయి. పరుగెత్తిన అడుగులు.

తబిత అటూ ఇటూ చూసింది. దగ్గర్లో ఇల్లు లేదు. గడప లేదు. ఏ ఇంటికీ పోని అడుగులు. అంటే ఆడమనిషి లేదు. దేవా నీకు స్తోత్రం అని లోపల అనుకుంది. అనుకున్నాక అడిగింది, ఇక్కడ ఏముండేదని.

పోతయ్య చెప్పాడు. తండాకు చెందిన ద్వాలి అనే ఆమె పోయిన ఏడు ఇదే రోజుల్లో మునిమాపు వేళ తునికాకు మోపు ఎత్తుకుని రోడ్డు దాటుతోంది. వెనక నుంచి ఏదో బండి తగిలి ఇక్కడ పడింది. బండి ఆగింది. ఒక మనిషి దిగి, దగ్గరికి వచ్చి, నిలబడి, పోయాడు. తెల్లారి పోతయ్య అడవిలో కాపలాకు పోతూ చూసి, ఆమెను తన బైకు మీదే కట్టుకుని దవాఖానాకు తీసుకుపోయాడు. తీసుకుపోయినవాడే గుద్ది ఉంటాడని కేసు ఆయన మీద పడింది. బైకు ముందు చక్రం మీది రేకుకు ఉన్న పాత సొట్టే సాక్ష్యమయింది. కాపలా పని పోయింది. ఆయన కాదని ద్వాలి చెప్పింది గానీ, తగిలిన బండిని ఆమె చూడలేదు కాబట్టి ఆ మాట పనికి రాలేదు. ఆమె చూసింది కాళ్ళనే. అడుగుల సంగతి చెబితే ఠాణాలో రాసుకునే ఆయన విని, నిజమే గాని ఈ కాగితంలో తడి రాయనీకి జాగా లేదన్నాడట.

“అందుకే ఈడ కూసుంటున్న, అమ్మా” అన్నాడు పోతయ్య. “ఏడాదయితాంది. ఈ రోడ్డు మీద పోయిన కాలు ఎన్నడో ఒకనాడు మళ్ళ రాదా అని.”

తబిత తిరిగి వ్యానుకేసి చూసింది. పోయిన మేలో వ్యాను ముందు భాగం లోపలికి పోయి ఉంటే, అడవిపంది అడ్డమొచ్చిందని శాంతికుమార్ చెప్పడం గుర్తొచ్చింది. పందికి దెబ్బ తగిలిందా అని మహిమ అడిగితే, ఆయన అన్నం మధ్యలో లేచి వెళ్ళిపోవడం గుర్తొచ్చింది. ఇందాక దేవుడికి స్తోత్రం చెప్పుకోవడమూ గుర్తొచ్చింది. ఒక మనిషి పడి ఉన్న చోటును చూస్తూ తను సంతోషపడింది.

ఊరుకోవచ్చు. ఆ ఆలోచనా రాకపోలేదు. షుగరన్న మాటను తనూ బలపరిస్తే, ఈ పోతయ్య మర్యాదస్తుడు, గడ ఎత్తుతాడు. మధ్యాహ్నానికి బోటు ఎక్కొచ్చు. ఆమె వ్యాను దాకా నడిచినంతసేపూ ఆ ఆలోచన పక్కనే నడిచింది. డ్రైవరు కిటికీ దగ్గర ఆగి, ఆయన ముఖం చూసింది. ఆయన ఆమె ముఖం చూడటం లేదు.

“బూట్లు ఇప్పండి” అంది మెల్లగా.

“మహిమ చూస్తది, తబితా.”

“అందుకే ఇప్పండి.”

“సచ్చిపోయిందనుకున్న” అన్నాడు శాంతికుమార్. “జనం వస్తే కొడ్తరు, మందిరాలన్నీ మూత పడ్తయనుకున్న. నిలబడ్డ. ఎంతసేపు నిలబడ్డనో తెల్వదు. కాళ్ళు ఎనకకు తిరిగినయ్.”

“బతికే ఉందంట.”

ఆయన తల ఎత్తాడు. ఏడాదిలో ఒక్కరోజు కూడా ఆ సంగతి కనుక్కునే ధైర్యం చెయ్యలేదని ఆ ముఖం చూస్తేనే తెలుస్తోంది. తర్వాత వంగి లేసులు విప్పాడు. సాక్సులు తీశాడు. తలుపు తీసి నేలమీద కాలు పెట్టాడు. మట్టి నల్లబడింది.

పోతయ్య చూశాడు. కేకలు వెయ్యలేదు, చెయ్యి చేసుకోలేదు. కంప ఒక పక్కకు జరిపి దారి ఇచ్చాడు.

శాంతికుమార్ తన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ పోయాడు. ఎడమకు ఎడమ, కుడికి కుడి సరిపోయాయి. పదకొండో అడుగు దగ్గర, నీళ్ళు నిలిచిన చోట, రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి ఆగాడు. ఆ కాళ్ళు ఒకసారి అక్కడి నుంచే తిరిగాయి. వ్యాను తలుపు తెరిచే ఉంది, తాళంచెవి దానికే ఉంది. మహిమ దిగొచ్చి తల్లి పక్కన నిలబడింది. కిటికీలోంచి అంతా విన్నది.

ఆయన పన్నెండో అడుగు ముందుకు వేశాడు. తర్వాత ఇంకొకటి. కంప దాటి తండా దారి పట్టాడు. వెనక పోతయ్య, ఆ వెనక తల్లీ కూతుళ్ళు.

ద్వాలి ఇంటి ముందు పందిరి కింద కూర్చుని విస్తరాకులు కుడుతోంది. పక్కన చేతికర్ర. ఎడమ కాలు బిర్రుగా ముందుకు చాపి ఉంది. వస్తున్నవాళ్ళ ముఖాలు ఆమె చూడలేదు. ముందు నేలకేసి చూసింది. కుట్టే పుల్లను పక్కన పెట్టింది.

“ఇవే” అంది పోతయ్యతో.

శాంతికుమార్ ఆమె ముందు నేలమీద కూలబడ్డాడు. ద్వాలి ఆయన్ని అప్పుడు చూసింది, కాళ్ళకు ముఖం ఎట్లా ఉంటుందో చూస్తున్నట్టు.

“పడ్డకాడ నుంచి ఈ కాళ్ళనే చూసిన. ఇప్పుడు లేపుతడు, ఇప్పుడు లేపుతడు అనుకున్న” అంది. గొంతులో కోపం లేదు. ఏడాదిగా ఎవరూ రాసుకోని మాటను సరిగ్గా చెప్పాలన్న జాగ్రత్త ఉంది. “నువ్వు పొయినంక నీ అడుగుల్ల నీళ్ళు ఊరినయ్. నోరు ఎండుకపోతాంటే చేత్తో ముంచుకున్న. తాగితే మళ్ళ ఊరినయ్. తాగుకుంట తెల్లారెదాక బతికిన.” ఆయన చేతులకేసి చూసింది. “నీళ్ళిచ్చినవ్ గని చెయ్యియ్యలే.”

ఆయన ఏడ్చాడు. ఎవరూ ఊరుకోమనలేదు. ఏడుపు తగ్గేదాకా ద్వాలి విస్తరాకులు సర్దుకుని కట్ట కట్టింది. తర్వాత కర్ర అందుకుంది.

“ఇప్పుడియ్యి. ఠాణాకు పోవాలె. పోతయ్య మీద పడ్డ మాట తీసెయ్యాలె. నేను చెప్తె రాసుకోలే. నువ్వు చెప్పు, నేను పక్కన కూసుంట.”

శాంతికుమార్ లేచి చెయ్యి చాచాడు. ద్వాలి ఆ చెయ్యి పట్టుకుని, బరువంతా దాని మీద వేసి లేచింది.

వ్యానులో ముందు సీటు ఆమెకిచ్చారు. తబిత, మహిమ, పోతయ్య వెనక కూర్చున్నారు. ఠాణాలో శాంతికుమార్ నిలబడి చెప్పినంతసేపు ఆయన కింద నీళ్ళు చేరాయి. ఒకామె గుడ్డ తెచ్చి తుడుస్తూ పోయింది. రాసుకునే ఆయన ఈసారి జాగా లేదనలేదు. కాగితం అంచున, గీతకు బయట, తడి అని రాశాడు.

ఆ ఏడు వాళ్ళు పాపికొండలు చూడలేదు. వానలు మొదలయ్యేసరికి పోతయ్యకు ఖాకీ చొక్కా మీదికి బిళ్ళ మళ్ళీ వచ్చింది. శాంతికుమార్ మీద కేసు నడుస్తోంది. ఎవరూ అడక్కముందే ఆయన మందిరం తాళాలు పెద్దలకు అప్పగించాడు. కొందరు ముఖం తిప్పుకున్నారు, కొందరు ఇంటికొచ్చి కాసేపు కూర్చుని వెళ్ళారు. మహిమ నెల రోజులు తండ్రితో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు అన్నం తినమంది, అంతే.

పదిహేను రోజులకోసారి ఆయన ఉసిరికవాగు వెళ్ళి, ద్వాలిని భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయి, కాలికి వ్యాయామం చేయించి దిగబెడుతున్నాడు. వెళుతున్నానని చెబుతాడు. తబిత సరే అంటుంది గానీ, నమ్మడం అనేది పోయాక అంత జల్దీ తిరిగిరాదు. దసరా సెలవుల్లో ఒకరోజు ఆయనకు చెప్పకుండా భద్రాచలం బస్సెక్కి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకుని తండాకు వెళ్ళింది.

ఇంటి ముందు ఎవరూ లేరు. దవాఖానాకు పోయారని పక్కింటామె చెప్పింది. తబిత పందిరి గుంజను ఆనుకుని, అలవాటు కొద్దీ నేలకేసి చూసింది. భర్త అడుగులు రోడ్డు నుంచి వచ్చి, మళ్ళీ రోడ్డుకే పోయాయి. వాటి పక్కన ద్వాలి కర్ర గుంటలు, ఆమె కుడి పాదం, ఎడమ కాలు ఈడ్చిన గీత. ఆయన కాళ్ళు తడిపిన మట్టి మెత్తగా ఉండి అన్నీ స్పష్టంగా పడ్డాయి.

పాత జాడల్లో ఆ గీత పందిరి నుంచి రోడ్డు దాకా తెగకుండా ఉంది. ఆ పై వారాలవాటిలో అక్కడక్కడా తెగింది. ఆ పొద్దుటి జాడలో తబిత గీత కోసం వంగి వెతికింది. పందిరి దగ్గర జానెడు ఉంది. ఆ తర్వాత లేదు. అది ఉండాల్సిన చోట, ఒకదాని తర్వాత ఒకటి, ద్వాలి ఎడమ పాదం పడుతూ పోయింది.